లింకు నొక్కితే కళ్లకు కట్టింది: వీఆర్ హెడ్‌సెట్ బ్రౌజర్‌లోకి వచ్చిన చరిత్ర

పోయిన ఎపిసోడ్‌లో వీఆర్ హెడ్‌సెట్ గురించి మాట్లాడితే సగం మందికి అర్థమైంది, సగం మందికి కాలేదు. పేర్లు, సంవత్సరాలు చెవిన పడి అట్లే పోతున్నాయి, రాసి పెట్టమన్నారు. రాస్తున్నాను. నిదానంగా చదువుకోండి, శుక్రవారం అయితే ఇంకా మంచిది.

కళ్లకు పెట్టుకునే ఆ పెట్టెలో బొమ్మ కనపడాలంటే రెండు దారులున్నాయి. ఒకటి, పెట్టె అమ్మిన కంపెనీ వాళ్ల స్టోర్‌లోంచి యాప్ దింపుకోవడం. రెండోది, వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కితే బ్రౌజర్‌లోనే తెరుచుకోవడం. మొదటి దానికి కంపెనీ అనుమతి కావాలి, అకౌంట్ కావాలి, చాలాసార్లు డబ్బులూ కావాలి. రెండో దానికి ఫోను, నెట్టు చాలు. ఈ రెండో దారి ఊరికే రాలేదు. కొందరు కూర్చుని కట్టారు, సగంలో పడగొట్టి మళ్లీ కట్టారు. అకామా మీద బతికే మనకు అనుమతి అనే మాట బరువు ఎవరూ చెప్పక్కర్లేదు, కాబట్టి ఈ కథ మనకు తొందరగానే ఎక్కుతుంది.

నేను ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేశాను. ప్లాను, ఎలివేషను, సెక్షను, రోజంతా టీ-స్క్వేర్ పట్టుకుని గీసేవాళ్లం. మేస్త్రీకి ప్లాన్ చూపిస్తే అందులో ఇల్లు కనపడుతుంది. డబ్బు పెట్టే ఇంటాయనకు గీతలే కనపడతాయి. ఆ తేడా తీర్చాలని, కాగితం మీది బొమ్మకు లోతు తేవాలని మనుషులు ఎప్పటి నుంచో తంటాలు పడుతున్నారు. 1838లో ఇంగ్లండులో చార్లెస్ వీట్‌స్టోన్ స్టీరియోస్కోప్ అనే పరికరాన్ని లోకానికి చూపించాడు. మన రెండు కళ్ల మధ్య ఆరు సెంటీమీటర్ల పైచిలుకు దూరం ఉంటుంది. అందుకని ఒకే వస్తువు ఎడమ కంటికి ఒక తీరు, కుడి కంటికి కొంచెం వేరే తీరు కనపడుతుంది. ఆ రెండు బొమ్మలూ విడివిడిగా గీసి, ఏ కంటిది ఆ కంటికే చూపిస్తే మెదడు రెండూ కలుపుకుని లోతు పుట్టిస్తుంది. 1984లో మలయాళంలో తీసిన 'మై డియర్ కుట్టిచాత్తన్' తెలుగులో 'చిన్నారి చేతన'గా ఆడినప్పుడు హాల్లో కళ్లద్దాలు ఇచ్చింది ఇందుకే. ఐస్‌క్రీమ్ ముక్కు దగ్గరికి వచ్చిందని చేయి చాపినవాళ్లు మీలో కూడా ఉండే ఉంటారు.

అయితే సినిమాకు మీ తల ఎటు తిరిగిందో తెలియదు. ఎటు చూసినా అదే బొమ్మ. తలతో పాటు బొమ్మ కూడా తిరగాలి అన్నది 1968లో ఐవన్ సదర్లాండ్ అనే అమెరికా ప్రొఫెసర్ చేసి చూపించాడు. తలకు తగిలించుకునే తెర, దాని నుంచి పైకప్పు దాకా ఇనుప కడ్డీల అమరిక. తల ఎంత తిరిగిందో ఆ కడ్డీలు కొలిచి కంప్యూటర్‌కు చెప్పేవి. కనపడింది ఉత్త గీతల గది, కానీ తల తిప్పితే గది తిరిగింది. నెత్తి మీద వేలాడుతోంది కదా అని, గ్రీకు కథలో రాజు నెత్తి మీద వేలాడిన కత్తి పేరు పెట్టారు దానికి, డామొక్లిస్ కత్తి అని. ఈ కత్తిని గుర్తు పెట్టుకోండి, ఇంకో కత్తి దగ్గరికి తర్వాత వస్తాను.

ఇక బ్రౌజర్ సంగతి. వెబ్ అనేది పుట్టిన కొత్తలోనే, అంటే 1994లోనే, పేజీలో అక్షరాలూ ఫొటోలే ఎందుకు, లోపలికి నడిచే గదులు ఎందుకు ఉండకూడదు అని మార్క్ పెస్సీ, టోనీ పరిసీ అనే ఇద్దరు ఒక నమూనా చేశారు. ఆ ఏడాది జెనీవాలో మొదటి వెబ్ సమావేశం జరిగింది. ఆ మాటలు అక్కడికి చేరాయి, డేవ్ రాగెట్ అనే ఆయన దానికి వీఆర్ఎంఎల్ అని పేరు పెట్టాడు. 1997లో అంతర్జాతీయ ప్రమాణం కూడా అయింది. ప్రమాణం అయితే అయింది, జనానికి మాత్రం చేరలేదు. బ్రౌజర్ దానంతట అది ఆ గదులను చూపించలేదు, పక్కన ప్లగిన్ అని ఒక ముక్క వేరేగా ఎక్కించుకోవాలి. అప్పటి నెట్టు టెలిఫోన్ తీగ మీద నడిచేది. గది తలుపు తెరుచుకునే లోపల టీ తాగి రావచ్చు. నా లెక్కలో వీఆర్ఎంఎల్ తప్పేమీ చేయలేదు. పునాది గట్టిపడక ముందే స్లాబ్ వేశారు, అంతే.

పునాది పడింది 2011 మార్చిలో. ఆ నెల వెబ్‌జీఎల్ మొదటి వెర్షన్ వచ్చింది. అంతకు ముందు బ్రౌజర్ లోపలి పేజీ కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ చిప్‌ను నేరుగా వాడుకోలేకపోయేది. వెబ్‌జీఎల్ ఆ అడ్డుగోడకు తలుపు పెట్టింది, ఏ ప్లగినూ అక్కర్లేదు. దాని మూలం మొజిల్లాలో పనిచేసిన వ్లాదిమిర్ వుకిచెవిచ్ 2006లో చేసిన ప్రయోగాలు. మొజిల్లా అంటే మన ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే సంస్థ. ఫైర్‌ఫాక్స్ మెనూలు తెలుగులో కనపడతాయంటే మనోళ్లు జీతం లేకుండా కూర్చుని అనువాదం చేసినందుకే. వుకిచెవిచ్ పేరు మళ్లీ వస్తుంది.

2012 ఆగస్టులో పామర్ లక్కీ అనే కుర్రాడి కంపెనీ ఆక్యులస్ తన హెడ్‌సెట్ తయారీకి ఇంటర్నెట్‌లో చందాలు అడిగింది. అడిగింది రెండున్నర లక్షల డాలర్లు, వచ్చింది 24 లక్షల డాలర్లు. ఫోన్ల కోసం తయారైన చవక తెరలు, చవక సెన్సర్లే దాని గుట్టు. సదర్లాండ్ పైకప్పు నుంచి కట్టిన కడ్డీల పని ఇప్పుడు గోరంత చిప్ చేస్తోంది. 2014 మార్చిలో ఫేస్‌బుక్ 200 కోట్ల డాలర్లకు ఆక్యులస్‌ను కొంటున్నట్టు ప్రకటించింది.

ఇక్కడ ఆగాలి, కథ మలుపు ఇక్కడే. పెట్టె ఒక కంపెనీది, పెట్టెలో ఆడే సరుకు అమ్మే దుకాణం కూడా అదే కంపెనీదైతే, ఇక ఆ పెట్టెలో ఏం కనపడాలో నిర్ణయించేది ఒక్కరే. అదే 2014లో మొజిల్లాలో వుకిచెవిచ్, గూగుల్ క్రోమ్‌లో బ్రాండన్ జోన్స్, హెడ్‌సెట్‌ను బ్రౌజర్‌కు కలిపే పని మొదలుపెట్టారు. రెండు పోటీ సంస్థల మనుషులు ఒకే తలుపుకు ఒకే కొలత పెట్టాలని కూర్చున్నారు. ఆ కొలతకే వెబ్‌వీఆర్ అని పేరు. సైట్ మీద సివిల్ వాళ్లను, ఎలక్ట్రికల్ వాళ్లను ఒక డ్రాయింగ్‌కు ఒప్పించడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకు ఈ పని విలువ తెలుస్తుంది.

మానిటర్ మీద బొమ్మ వేసే బ్రౌజర్‌కు హెడ్‌సెట్ మీద వేయడం ఏం కష్టం అనిపిస్తుంది. మూడు కష్టాలున్నాయి.

మొదటిది కటకాలది. కంటికి అంగుళం, రెండంగుళాల దూరంలో ఉన్న తెర కనపడాలంటే మధ్యలో భూతద్దం లాంటి కటకం పెట్టాలి. ఆ కటకం బొమ్మ మూలలను బయటికి లాగుతుంది, తిన్నని గోడలు వంకర పోతాయి. అందుకని బొమ్మనే ముందుగా ఎదురు వంకర వేసి, మధ్యలో ఉబ్బినట్టు గీస్తారు. కటకంలోంచి చూసేసరికి తిన్నగా వస్తుంది. మనం పొడుగు బీముకు షట్టరింగ్ కొట్టేటప్పుడు మధ్యలో కొంచెం పైకి క్యాంబర్ ఇవ్వమా? లోడు పడ్డాక లెవెల్‌కు వస్తుందని. సరిగ్గా అదే లెక్క. ఏ హెడ్‌సెట్‌కు ఎంత క్యాంబర్ ఇవ్వాలో బ్రౌజర్‌కు ఎవరో ఒకరు చెప్పాలి.

రెండోది తాళం. మామూలు మానిటర్ సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తుంది. బ్రౌజర్ లోపలి లెక్కంతా ఆ 60 తాళానికే కట్టి ఉండేది. 2016లో అమ్మకానికి వచ్చిన ఆక్యులస్ రిఫ్ట్, హెచ్‌టీసీ వైవ్ రెండూ సెకనుకు 90 సార్లు మారుస్తాయి. పైగా ఒక్కోసారి రెండు కళ్లకు రెండు బొమ్మలు. అందుకే హెడ్‌సెట్‌కు దాని సొంత తాళం ఇవ్వాల్సి వచ్చింది.

మూడోది ఆలస్యం. తల తిప్పిన క్షణానికీ బొమ్మ తిరిగిన క్షణానికీ మధ్య 20 మిల్లీసెకన్లు దాటకూడదని ఈ రంగంలో ఒక గీత పెట్టుకున్నారు. దాటితే కళ్లు ఒకటి చెప్తాయి, చెవిలోపలి తూకం ఇంకోటి చెప్తుంది, కడుపు తిప్పుతుంది. పరంజా మీద మొదటిసారి ఎక్కిన కుర్రాడికి కళ్లు తిరిగినట్టే. బ్రౌజర్ అనేది మామూలుగా నిదానపు మనిషి. పేజీ పావు సెకను ఆలస్యమైతే ఎవరూ వాంతి చేసుకోరు కదా. అలాంటి దాని చేత ఈ పని చేయించడం వాళ్లు సాధించిన విషయం.

మొదటి వెబ్‌వీఆర్‌లో 'గెట్ వీఆర్ డివైసెస్' అని ఒక ఆజ్ఞ ఉండేది. పేజీ ఆ ఆజ్ఞ ఇస్తే బ్రౌజర్ తగిలించి ఉన్న పరికరాల చిట్టా ఇచ్చేది. తెర ఒక పరికరం, తల కదలిక చెప్పే సెన్సర్ వేరే పరికరం. ఏ తెరకు ఏ సెన్సరో ప్రోగ్రాం రాసేవాడే జత కలుపుకోవాలి. 2016 మార్చిలో 1.0 ప్రతిపాదన వచ్చాక ఆ రెండూ కలిపి 'వీఆర్ డిస్‌ప్లే' అనే ఒకే వస్తువు చేశారు. తెర, సెన్సర్, తాళం అన్నీ దాంట్లోనే. చూసేవాడు ఏదైనా బటన్ నొక్కితే తప్ప పేజీ దానంతట అది కళ్లను కమ్మేయకూడదు అని కూడా షరతు పెట్టారు. ఈ షరతు నాకు బాగా నచ్చింది. 2017 ఆగస్టులో ఫైర్‌ఫాక్స్ 55వ వెర్షన్‌లో, విండోస్ కంప్యూటర్ల మీద, వెబ్‌వీఆర్ అందరికీ వచ్చింది.

ఇదంతా ఖరీదైన కంప్యూటర్లు ఉన్నవాళ్ల సంగతి. మన వరకు వచ్చింది ఇంకో వైపు నుంచి. 2014 జూన్‌లో గూగుల్ తన సమావేశంలో వచ్చినవాళ్లందరికీ అట్టపెట్టెలు పంచింది. పారిస్‌లోని గూగుల్ ఆఫీసులో డేవిడ్ కోజ్, డామియన్ ఆన్రీ అనే ఇద్దరు చేసిన కార్డ్‌బోర్డ్ అది. అట్టను మడిచి, రెండు కటకాలు పెట్టి, ముందర ఫోన్ దూర్చితే హెడ్‌సెట్ అయిపోయింది. డిజైన్ దాచుకోలేదు, ఎవరైనా చేసుకోవచ్చన్నారు. ఆ దెబ్బకు ప్లాస్టిక్ పెట్టెలు కుప్పలుగా వచ్చాయి. ఇక్కడ ఫ్రైడే మార్కెట్‌లో నేను కొన్నది ఒకటిన్నర దీనారు. 2019 నాటికి లోకంలో కోటిన్నర కార్డ్‌బోర్డ్‌లు పోయాయని గూగులే చెప్పింది. ఫోన్ బ్రౌజర్‌లో వెబ్‌వీఆర్ లేకపోయినా ఉన్నట్టే నడిపించే పాలీఫిల్ అనే చిన్న ముక్కను గూగుల్‌లో బోరిస్ స్మస్ రాశాడు. తలుపు లేని చోట కర్టెన్ కట్టి తలుపు అనిపించినట్టు. పని నడిచింది.

ఒక చిక్కు ఉంది. ఫోన్‌లో జైరోస్కోప్ అనే సెన్సర్ ఉంటేనే తల తిరగడం తెలుస్తుంది. ఆ రోజుల్లో మన చేతుల్లో ఉన్న చవక ఫోన్లలో చాలా వాటికి అది లేదు. పెట్టె ఒకటిన్నర దీనారుకే దొరికినా ఫోన్ దగ్గర తేలిపోయేది. ఇంకోటి, ఫోన్‌కు తల తిరిగింది తెలుస్తుంది గాని, మనిషి అడుగు ముందుకు వేసింది తెలియదు. నిలబడిన చోట చుట్టూ చూడొచ్చు, నడవలేరు.

ఇప్పుడు రెండో కత్తి. 'బాహుబలి 2' వచ్చే ముందు ఆర్కా మీడియావర్క్స్, ఏఎండీ కలిసి 'ది స్వోర్డ్ ఆఫ్ బాహుబలి' అని ఒక వీఆర్ చిత్రం చేశాయి. అప్పుడు ఏఎండీలో గ్రాఫిక్స్ విభాగం పెద్ద రాజా కోడూరి, తెలుగువాడు. తెలుగు కథ, తెలుగు చేతులు, లోకంలో ఎవరికీ తీసిపోని పని. కాని అది చూడాలంటే ఖరీదైన హెడ్‌సెట్, దానికి తగిలించిన బలమైన కంప్యూటర్ కావాలి, అవి పెట్టిన చోటికి వెళ్లాలి. దాంతో పాటే సెట్‌లో తీసిన 360 డిగ్రీల వీడియో ఒకటి యూట్యూబ్‌లో పెట్టారు. మా రూములో ఎనిమిది మందిమి చూసింది అదే, ఒకే ఫోను, ఒకే ప్లాస్టిక్ పెట్టె, వంతుల వారీగా. ఒకాయన పెట్టె తీయనంటే తీయను అన్నాడు. కత్తి చూడలేదన్న బాధ ఎవరికీ లేదు, లింకు వచ్చింది చాలు.

2015 డిసెంబరులో మొజిల్లా వాళ్లే ఇంకో మంచి పని చేశారు, దాని పేరు ఏ-ఫ్రేమ్. అంతకు ముందు వెబ్‌జీఎల్‌లో ఒక డబ్బా గీయాలన్నా బోలెడు లెక్కలు రాయాలి. రికార్డో కాబెయో 2010లో బయటపెట్టిన త్రీ డాట్ జేఎస్ ఆ బరువు చాలా తగ్గించింది. ఏ-ఫ్రేమ్ దాని మీద ఇంకో అంతస్తు. మామూలు వెబ్ పేజీ రాసినట్టే, 'ఏ-సీన్' అని ఒక మాట, దాని లోపల 'ఏ-స్కై' అని ఒక మాట రాసి, 360 ఫొటో పేరు ఇస్తే చాలు. ఆ ఫొటో పెద్ద బంతి లోపలి గోడకు అంటించినట్టు అయిపోతుంది, చూసేవాడు బంతి మధ్యలో నిలబడతాడు. పదో తరగతి పిల్లవాడు కూడా అర పూటలో నేర్చుకునేంత పని. మా అక్క కొడుకు రాజంపేటలో డిగ్రీ చదువుతూ నేర్చుకున్నది ఇట్లానే. వాడికి ఎవరి లైసెన్సూ అక్కర్లేకపోయింది, ఏ స్టోరు వాడినీ అడగలేదు.

సరే, ఇప్పుడు మన భాషలో చెప్పుకోవాల్సిన చోటికి వచ్చాం. సైట్ మీద డ్రాయింగ్‌కు రివిజన్ నంబర్ ఉంటుంది కదా. రివిజన్ 1 వచ్చిన రోజున రివిజన్ 0 మీద 'సూపర్‌సీడెడ్' అని ముద్ర వేసి పక్కన పడేస్తాం. పాత డ్రాయింగ్ చూసి కట్టిన గోడ ఎంత తిన్నగా ఉన్నా పగలగొట్టాల్సిందే. వెబ్‌వీఆర్‌కు జరిగింది ఇదే.

2016 అక్టోబరులో కాలిఫోర్నియాలో వెబ్ ప్రమాణాలు చూసే సంస్థ, డబ్ల్యూ3సీ, అన్ని కంపెనీల వాళ్లను కూర్చోబెట్టింది. అప్పటికే మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ లాంటివి వచ్చాయి, ఎదురుగా ఉన్న నిజం గది మీదే బొమ్మ వేసేవి. వెబ్‌వీఆర్‌ను రాసింది కళ్లు పూర్తిగా మూసే పెట్టెల కోసం. చేతిలో పట్టుకునే కంట్రోలర్లను కూడా ఆటల జాయ్‌స్టిక్ కింద జమ కట్టి సర్దుకున్నారు. ఇన్ని అతుకుల కంటే కొత్తగా గీయడమే మేలని తేల్చారు. కొత్త దానికి వెబ్ఎక్స్ఆర్ అని పేరు. 2018 సెప్టెంబరులో దీని కోసమే డబ్ల్యూ3సీలో ఒక వర్కింగ్ గ్రూప్ ఏర్పడింది. 'వీఆర్ డిస్‌ప్లే' పోయి 'సెషన్' వచ్చింది. పేజీ ముందు సెషన్ అడగాలి, చూసేవాడు ఒప్పుకోవాలి, అయిపోగానే మూసేయాలి. మన పని పర్మిట్ లాగే, పని మొదలుపెట్టే ముందు పర్మిట్, అయ్యాక క్లోజ్. 2019 డిసెంబరులో క్రోమ్ 79లో వెబ్ఎక్స్ఆర్ వచ్చింది. 2020 మొదట్లో క్రోమ్ నుంచి పాత వెబ్‌వీఆర్ తీసేశారు. అదే డిసెంబరులో ఏ-ఫ్రేమ్ 1.0 కొత్త కొలతకు మారింది.

కొత్త డ్రాయింగ్ మంచిదే, నేనేమీ కాదనను. కాని రివిజన్ మారిన సంగతి సైట్ మీద ఉన్నవాళ్లకు చేరిందా లేదా అన్నది వేరే లెక్క. నాలుగేళ్లలో ఎందరో ఊళ్లలో, కాలేజీల్లో పాత కొలతతో పేజీలు చేసి పెట్టారు. వాళ్లకు ఎవరూ ట్రాన్స్‌మిటల్ పంపలేదు. ఆపిల్ వాళ్లు 2019లో ఇంకో మలుపు తిప్పారు. ఫోన్ కదలికల సెన్సర్‌ను ఏ పేజీ పడితే ఆ పేజీ చదవకూడదని సఫారీలో మూసేశారు. ఐఓఎస్ 13 నుంచి పేజీ అడగాలి, మనిషి సరేనని నొక్కాలి. వాళ్ల కారణం సరైనదే, ఫోన్ ఎట్లా కదులుతోందో చూసి మనిషి గురించి చాలా పసిగట్టొచ్చు. ఫలితం మాత్రం, అడగడం తెలియని పాత పేజీల్లో బొమ్మ బిగుసుకుపోయింది. తల తిప్పినా గది తిరగదు.

ఇది నాకు పుస్తకంలో చదివిన సంగతి కాదు. 2020 ఏప్రిల్ 6 నుంచి మహబూలా, జిలీబ్ రెండు ఏరియాలూ మూసేశారు, మీకు గుర్తే. మేం మహబూలాలో లోపల ఉండిపోయాం. విమానాలు లేవు. ఊళ్లో నేను పద్నాలుగేళ్లుగా పంపిన డబ్బుతో కట్టిన ఇల్లు మార్చి నెలలోనే పూర్తయింది, గృహప్రవేశానికి నా టికెట్ కూడా తీసి ఉన్నాను. మా అక్క కొడుకు ఫోన్‌తో ఒక్కో గదిలో 360 ఫొటో తీసి, ఏ-ఫ్రేమ్‌లో పేజీ చేసి లింకు పంపాడు. బంకు మీద కూర్చుని పెట్టె పెట్టుకున్నాను. నా ఇంటి హాల్లో నిలబడ్డాను. ఫొటోలు అంతకు ముందే ఇరవై వచ్చాయి వాట్సాప్‌లో, కాని తల పైకెత్తితే పైకప్పు, వెనక్కి తిరిగితే వాకిలి, వాకిట్లో అమ్మ ఆరేసిన చీర. ఫొటోలో ఎవరో చూపించింది చూస్తాం. ఇక్కడ నేను చూడాలనుకున్నది నేను చూశాను. వంటింటి గట్టు ఎత్తు తక్కువైందని అక్కడి నుంచే మేస్త్రీకి చెప్పాను కూడా. నా పక్క బంకు అతనిది కోనసీమ, ఐఫోన్ ఉంది. తన ఫోన్‌లో తెరిస్తే గది కదల్లేదు. పేజీలో వాడింది పాత ఏ-ఫ్రేమ్, పర్మిషన్ అడగడం దానికి రాదు. పిల్లవాడు రెండు రోజులు తల బద్దలు కొట్టుకుని, చివరికి పేజీ పైన రాసిన వెర్షన్ నంబర్ ఒకటి మార్చాడు, అంతే. కొత్త వెర్షన్ దానంతట అదే అడిగింది, అతను సరేనన్నాడు, గది తిరిగింది.

అదే ఏడాది ఆగస్టులో మొజిల్లా సుమారు 250 మందిని ఇంటికి పంపింది. వీఆర్ పని చేసే వాళ్ల మీద ఆ దెబ్బ గట్టిగా పడింది. 2018లో వాళ్లు హెడ్‌సెట్‌ల కోసమే ఫైర్‌ఫాక్స్ రియాలిటీ అనే బ్రౌజర్ విడుదల చేశారు. దాన్ని 2022లో ఇగాలియా అనే స్పెయిన్ సంస్థ తీసుకుని వోల్విక్ అనే పేరుతో కొనసాగించింది. హబ్స్ అని ఇంకోటి ఉండేది, లింకు నొక్కితే అందరూ ఒకే వీఆర్ గదిలో కలుసుకోవచ్చు. 2020 మార్చిలో కరోనా వల్ల ఒక పెద్ద అంతర్జాతీయ వీఆర్ సదస్సు అందులోనే జరిగింది. 2024 మే నెలాఖరుకు మొజిల్లా దాన్ని మూసేసింది. కోడ్ అందరికీ తెరిచి ఉంది కాబట్టి వేరేవాళ్లు నడుపుతున్నారు. గూగుల్ కూడా తన డేడ్రీమ్ హెడ్‌సెట్‌ను 2019లో ఆపేసింది, 2021లో కార్డ్‌బోర్డ్ అమ్మడం మానేసింది. కంపెనీలు వచ్చాయి, పోయాయి, మనసు మార్చుకున్నాయి. డబ్ల్యూ3సీలో రాసుకున్న కొలత మాత్రం పోలేదు. వెబ్ఎక్స్ఆర్ 2022 మార్చిలో ప్రమాణం కావడానికి ముందు మెట్టు ఎక్కింది. 3,499 డాలర్ల ధరతో వచ్చిన ఆపిల్ విజన్ ప్రోలో కూడా 2024లో సఫారీకి దాన్ని పెట్టక తప్పలేదు. ఐఫోన్ సఫారీలో మాత్రం అప్పుడు పెట్టలేదు. లక్షల రూపాయల పెట్టెకు తెరిచిన తలుపును జేబులో ఉన్న ఫోన్‌కు ఎందుకు తెరవరో నాకు అర్థం కాని విషయం.

ఇప్పుడు సైట్ సంగతి. నేను పనిచేసిన ఒక చోట సేఫ్టీ ఇండక్షన్‌కు రెండు హెడ్‌సెట్లు తెచ్చారు. పరంజా మీద నడవడం, హార్నెస్ ఎక్కడ తగిలించాలి, క్రేన్ కింద ఎందుకు నిలబడకూడదు, అన్నీ చక్కగా చేసిన యాప్. గొంతు ఇంగ్లీషు, అరబ్బీ, హిందీ. తెలుగు లేదు. మన కుర్రాళ్లు పెట్టె తీసి నవ్వి బయటికొచ్చేవాళ్లు, ఏం అర్థమైందంటే "బాగుందన్నా" అనేవాళ్లు. ఏడాది తిరిగేసరికి చందా ముగిసింది, యాప్ తెరుచుకోవడం మానేసింది, పెట్టెలు బీరువాలోకి వెళ్లాయి.

2024 జూన్ 12న మంగఫ్‌లో కార్మికుల బిల్డింగ్ తగలబడింది. 50 మంది పోయారు, అందులో ఎక్కువ మంది మన దేశం వాళ్లు, ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. ఎక్కువ మందిని చంపింది మంట కాదు, పొగ. ఆ వారం మా క్యాంపులో ఎవరికీ నిద్ర లేదు. చీకట్లో, పొగలో, నిద్ర కళ్లతో ఏ మెట్లు ఎటు పోతాయో మా బిల్డింగ్‌లో ఎంతమందికి తెలుసు అని అడిగితే, రెండో మెట్ల దారి ఉందనే సగం మందికి తెలియదు.

మా అక్క కొడుకుకు ఫోన్ చేశాను. ఇప్పుడు వాడు హైదరాబాద్‌లో ఉద్యోగం. నేను ఇక్కడ ప్రతి అంతస్తులో, ప్రతి మెట్ల మలుపులో 360 ఫొటో తీసి పంపాను. వాడు రెండు రాత్రుల్లో పేజీ చేశాడు. రూము తలుపు దగ్గర మొదలవుతుంది. తెలుగులో నా గొంతే. "ఎడమ చేయి గోడకు ఆనించు, పద్నాలుగు అడుగులు, అక్కడ తలుపు." బాణం వైపు కాసేపు చూస్తూ నిలబడితే తర్వాతి మలుపులోకి పోతుంది, ఏమీ నొక్కక్కర్లేదు. ఫోన్ పెట్టె లేనివాళ్లు ఫోన్ చేత్తో పట్టుకుని చుట్టూ తిరిగితే చాలు. జైరోస్కోప్ లేని ఫోన్‌లో వేలితో జరుపుకోవచ్చు. ఆ మూడో ఏర్పాటు నేను పట్టుబట్టి పెట్టించాను. తర్వాత ఒక ఒడిశా కుర్రాడు తన భాషలో గొంతు ఇస్తానన్నాడు, బెంగాలీ ఆయన ఒకరు ముందుకొచ్చాడు. ఇప్పుడు నాలుగు గొంతులున్నాయి.

మీ క్యాంపుకు ఇట్లాంటిది చేసుకోవాలంటే నాలుగు మాటలు. పేజీ తాళం గుర్తున్న చిరునామాలో, అంటే హెచ్‌టీటీపీఎస్‌లో ఉండాలి, లేకపోతే బ్రౌజర్ సెన్సర్ ఇవ్వదు. పేజీ పైన ఏ-ఫ్రేమ్ వెర్షన్ 1.0 లేదా ఆ తర్వాతిది ఉండాలి, నెట్‌లో దొరికే పాత పాఠాల్లో 0 తో మొదలయ్యే నంబర్లు ఉంటాయి, వాటిని ఎత్తి పెట్టకండి. ఫొటోలు బరువు తగ్గించండి, రూములో వైఫై సంగతి తెలిసిందే. ఫొటో తీసే ముందు క్యాంప్ బాస్‌ను అడగండి, మనుషుల ముఖాలు పడకుండా తీయండి.

మా దాంట్లో మూడో అంతస్తు ఫొటో మళ్లీ తీయాల్సి ఉంది. అందులో రెండో మెట్ల తలుపుకు అడ్డంగా ఒక పాత ఫ్రిజ్ కనపడుతుంది. పేజీ చూసిన నాలుగో రోజు కుర్రాళ్లే దాన్ని కిందికి దించేశారు.